సర్కారువారి పెద్ద వకీలు

ఉగాది సంచికకి చరిత్ర వ్యాసం రాస్తానని, అంశం ‘అడ్వొకేట్ జనరల్’ అని చెప్పగానే మన సంపాదకవర్గం మిత్రులు నవ్వారు. ముసఫ్ఫాలో ఇనుము కోసుకునే ఇంజనీరుకి హైకోర్టు సంగతులెందుకండీ అన్నారు. నిజమే. కానీ ఇక్కడ మన కుటుంబాల్లో సగం మందికి స్వదేశంలో ఏదో ఒక కాగితం ప్రభుత్వంతో ముడిపడి ఉంది. ఒకరికి ప్లాటు, ఒకరికి పిల్లవాడి సీటు, ఒకరికి తాతల నాటి ఇనాం భూమి. ఒక జీవో వస్తుంది, హైకోర్టు కొట్టేస్తుంది, మళ్ళీ ఇంకో జీవో వస్తుంది. ఆ జీవో రాసేముందు ‘ఇది కోర్టులో నిలవదండీ’ అని చెప్పవలసిన మనిషి ఒకడు ఉన్నాడా లేడా, ఉంటే ఎవరు, ఆయన మాట ఎవరు వింటారు? చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది. పైగా మాది నెల్లూరు జిల్లా. ఆ పదవిలో పదిహేనేళ్ళు కూర్చున్న మహానుభావుడిదీ మా జిల్లాయే కాబట్టి కాస్త స్వాభిమానం కూడా కలిసిందనుకోండి.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. ఇక్కడి ఇంగ్లీషు పత్రికల్లో ‘అటార్నీ జనరల్’ అని రాస్తే అది అరబ్బీలో ‘అన్నాయిబ్ అల్ ఆమ్’. ఆయన ప్రాసిక్యూషన్‌కి, అంటే మనం వాడుకలో ‘నియాబా’ అనే శాఖకి, పెద్ద. 2022 జనవరిలో చెక్కు బౌన్సు వ్యవహారాలు చాలామటుకు క్రిమినల్ కేసుల్లోంచి తప్పించేవరకు నియాబా పేరు చెబితే ఉలిక్కిపడని గల్ఫ్ తెలుగువాడు అరుదు. అమెరికాలో ఉన్న మన చుట్టాల్ని అడిగితే వాళ్ళ రాష్ట్రాల అటార్నీ జనరల్ వేరే రకం. యాభై రాష్ట్రాల్లో నలభై మూడింట ఆయన్ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఎన్నికల సభలో నిలబడి ‘నా ప్రాధాన్యాలు ఇవీ’ అని చెప్పుకుంటాడు.

మన అడ్వొకేట్ జనరల్ ఈ రెండూ కాదు. దొంగల్ని పట్టి బోనులో నిలబెట్టే పని ఆయనది కాదు, దానికి పబ్లిక్ ప్రాసిక్యూటర్లు వేరే ఉన్నారు. ఓటు అడిగే పనీ లేదు. రాజ్యాంగం 165వ అధికరణం ప్రకారం, హైకోర్టు జడ్జి కాదగిన అర్హత ఉన్న వ్యక్తిని గవర్నరు నియమిస్తారు. ప్రభుత్వానికి న్యాయ విషయాల్లో సలహా ఇవ్వడం, అప్పగించిన న్యాయపరమైన పనులు చేయడం ఆయన విధులు. 177వ అధికరణం ప్రకారం శాసనసభలో కూర్చుని మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయరాదు. సభలో సభ్యుడు కాని వాడికి, మంత్రి కాని వాడికి అలా నోరు తెరిచే హక్కు ఉండటం చిన్న సంగతి కాదు.

ఈ పదవి ఈస్టిండియా కంపెనీ కాలం నాటిది. కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో కంపెనీకి ఒక్కొక్క పెద్ద వకీలు ఉండేవాడు. చాలాకాలం తెల్లదొరలే. మద్రాసులో ఆ కుర్చీలో తాత్కాలికంగానైనా కూర్చున్న మొదటి భారతీయుడు వి. భాష్యం అయ్యంగారు, 1897లో. ఆ తర్వాత మన దక్షిణాది వకీళ్ళ పేర్లూ కనిపిస్తాయి. అందులో ఎస్. శ్రీనివాస అయ్యంగారి కథ చెప్పుకోదగ్గది. 1916 నుంచి 1920 దాకా అడ్వొకేట్ జనరల్‌గా చేసి, పదవి వదిలేసి కాంగ్రెసులోకి వెళ్ళారు. 1926లో గౌహతి కాంగ్రెసు మహాసభకి అధ్యక్షులయ్యారు. ప్రభుత్వంతో పడకపోతే వకీలు చేయగలిగింది అదొక్కటే, కాగితం కట్ట బల్ల మీద పెట్టి బయటికి నడవడం.

ఇక అల్లాడి కృష్ణస్వామి అయ్యరు. పేరు చూసి తమిళులనుకునేవారు నేటికీ ఉన్నారు. నెల్లూరు జిల్లా పుదూరు గ్రామంలో 1883 మే 14న పుట్టారు. తండ్రి ఏకామ్రశాస్త్రి ఆలయ అర్చకులు. ఆ ఇంట్లోంచి బయలుదేరిన కుర్రవాడు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వకీలై, 1929లో మద్రాసు ప్రెసిడెన్సీకి అడ్వొకేట్ జనరల్ అయ్యాడు. 1944 దాకా ఆయనే. మైలాపూరు లజ్ చర్చి రోడ్డులోని తన ఇంటికి తండ్రి పేరే పెట్టుకున్నారు, ‘ఏకామ్ర నివాస్’ అని.

ఆ పదిహేనేళ్ళలో మద్రాసులో ఎన్ని ప్రభుత్వాలు మారాయో ఒక్కసారి లెక్కపెట్టండి. ఆయన వచ్చేసరికి డాక్టర్ సుబ్బరాయన్ మంత్రివర్గం. 1930లో జస్టిస్ పార్టీ మునుస్వామి నాయుడు. 1932లో బొబ్బిలి రాజా. 1937లో కొన్ని నెలలు కూర్మా వెంకటరెడ్డి నాయుడు. ఆ జులైలో రాజాజీ నాయకత్వాన కాంగ్రెసు మంత్రివర్గం, అందులో ప్రకాశం పంతులుగారు, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి. 1939 అక్టోబరులో వాళ్ళు రాజీనామా చేశాక గవర్నరు పాలన. జస్టిస్ పార్టీకీ కాంగ్రెసుకీ ఆ రోజుల్లో ఉప్పూ నిప్పూ. అయినా ఇద్దరికీ వకీలు ఒక్కరే! కొత్త ప్రభుత్వం వస్తూనే పాతవాళ్ళ వకీలుని సాగనంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదా?

వచ్చినా వీలుండేది కాదనుకుంటాను. 1935 భారత ప్రభుత్వ చట్టంలో 55వ సెక్షను ఉంది. అడ్వొకేట్ జనరల్ నియామకం, తొలగింపు, వేతనం ఈ మూడింటిలోనూ గవర్నరు తన సొంత విచక్షణతో నిర్ణయించాలని అందులో రాశారు. మంత్రులు చెప్పవచ్చు గానీ చివరి మాట గవర్నరుది. తెల్లదొర ఈ ఏర్పాటు మన మీద ప్రేమతో చేశాడని నేననను. మంత్రులు మనవాళ్ళు కాబట్టి, పగ్గం తన చేతిలో ఉంచుకున్నాడు. కానీ దానివల్ల వకీలుకి ఒక మేలు జరిగింది. తనకి కుర్చీ ఇచ్చినవాడు వేరు, తన సలహా వినేవాడు వేరు. మంత్రిగారికి నచ్చని మాట చెప్పినా మర్నాడు పొద్దున కుర్చీ ఉంటుంది.

స్వరాజ్యం వచ్చాక ఈ ఏర్పాటు ఉండటానికి వీల్లేదు. గవర్నరు సొంత విచక్షణ అంటేనే జనానికి పాత వాసన. 1947 ఆగస్టు 29న నియమించిన ఏడుగురు సభ్యుల డ్రాఫ్టింగ్ కమిటీలో అంబేద్కర్‌తో పాటు మన అల్లాడివారు ఉన్నారు. ఇండియాకి మొట్టమొదటి అడ్వొకేట్ జనరల్‌గా చేసిన బి.ఎల్. మిట్టర్ కూడా మొదట్లో ఉన్నారు. అంటే ఈ పదవి లోతుపాతులు తెలిసినవాళ్ళే బల్ల చుట్టూ కూర్చున్నారు. తన కమిటీలో తనకంటే సమర్థులున్నారంటూ అల్లాడివారి పేరు అంబేద్కర్ సభలోనే చెప్పడం చాలామందికి తెలిసిందే.

1948లో ప్రచురించిన ముసాయిదాలో ఈ అధికరణం సంఖ్య 145. అందులో మూడో క్లాజు చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. ముఖ్యమంత్రి రాజీనామా చేస్తే ఆయనతోపాటు అడ్వొకేట్ జనరల్ కూడా దిగిపోవాలి, కొత్తవాడు వచ్చేదాకానో తననే మళ్ళీ నియమించేదాకానో కొనసాగవచ్చు, అని అందులో ఉంది. అంటే 1935 నాటి పద్ధతికి పూర్తిగా అవతలి కొస. వకీలు ముఖ్యమంత్రి మనిషి, ఆయన వస్తే వస్తాడు, పోతే పోతాడు. కానీ 1949లో సభలో చర్చకి వచ్చినప్పుడు ఆ క్లాజు తీసేశారు. దాని స్థానంలో ‘గవర్నరు ఇష్టం ఉన్నంతకాలం’ అనే మాట వచ్చింది. ఇప్పుడున్నది అదే.

నా దృష్టిలో ఈ వ్యాసానికంతటికీ కీలకం ఆ సవరణే. ముఖ్యమంత్రితో పాటు వకీలు దిగిపోవాలన్న నియమాన్ని పెద్దలు చేతిలోకి తీసుకుని చూసి, వద్దని పక్కన పెట్టారు. అంటే ప్రభుత్వం మారినా వకీలు ఉండవచ్చు. కాగితం మీద అంతవరకు బాగానే ఉంది. అయితే కొత్త రాజ్యాంగంలో గవర్నరు ఇష్టం అంటే మంత్రివర్గం సలహాయే కదా. తలుపు మూసి గడియ పెట్టడం మరిచిపోయినట్లయింది. తర్వాత ఏం జరిగిందో మనం చూస్తూనే ఉన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం మారింది, అడ్వొకేట్ జనరల్ మారారు. 2024లో మారింది, మళ్ళీ మారారు. తెలంగాణలో 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక అదే వరస. ఏ పార్టీనీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు, అందరూ అదే చేస్తున్నారు. ముసాయిదాలోంచి కొట్టేసిన క్లాజు అలవాటుగా బతికే ఉంది.

మా వృత్తిలోంచి ఒక పోలిక చెబుతాను, క్షమించండి. ఇక్కడి ఫ్యాబ్రికేషన్ యార్డుల్లో వెల్డింగ్ ఇన్‌స్పెక్టరు ఉంటాడు. జీతం ఇచ్చేది కంపెనీయే. రేపు ఓడ ఎక్కవలసిన సరుకు, ఆలస్యమైతే పెనాల్టీ, మేనేజరు పక్కనే నిలబడి ఉంటాడు. ఎక్స్‌రే ఫిల్ములో జాయింటు లోపల చిన్న నల్లమచ్చ కనిపించింది. ఇన్‌స్పెక్టరు ‘రిజెక్ట్’ అని రాయాలి. రాస్తే ఆ రోజుకి అందరికీ శత్రువు. రాయకపోతే రెండేళ్ళ తర్వాత సముద్రంలో పైపు పగులుతుంది. ఇన్‌స్పెక్టరు కంపెనీ మనిషి కాకుండా పోడు, కంపెనీ తరఫున క్లయింటుతో వాదించేదీ అతనే. కానీ అతని మొదటి పని ఆ ఫిల్ము చూసి ఉన్నదున్నట్టు చెప్పడం.

అడ్వొకేట్ జనరల్‌కీ అంతే. కోర్టులో వాదించడం పేపర్లో పడుతుంది, ఫైలు మీద రాసే అభిప్రాయం ఎవరికీ కనబడదు. ఆయన ప్రాధాన్యాల్లో మొదటిది ఏది అని నన్నడిగితే ఆ కనబడనిదే అంటాను.

దీనికి మన బస్సుల కథ ఉంది. 1956లో మోటారు వాహనాల చట్టానికి ఒక కొత్త అధ్యాయం చేర్చి, ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వ సంస్థకి అప్పగించే వీలు కల్పించారు. కృష్ణా జిల్లాలో స్కీము వేశారు. బస్సుల యజమానులు అభ్యంతరాలు పెట్టుకున్నారు. చట్టం ప్రకారం వాళ్ళ మాట విని నిర్ణయం చేయాలి. విన్నది రవాణా వ్యవహారాలు చూసే సెక్రటరీ. ఆర్డరు వేసింది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు అనే యజమాని పేరున కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1958 నవంబరులో తీర్పు. విన్నవాడొకడు, తేల్చినవాడొకడు అయితే ఇక వినడమెందుకని మెజారిటీ న్యాయమూర్తులు ఆ స్కీము ఆమోదాన్ని రద్దు చేశారు. ఆ తీర్పు రాసినది కోకా సుబ్బారావుగారు, నాలుగేళ్ళ క్రితం గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. యజమానులు మళ్ళీ కోర్టుకెక్కారు, 1959లో ఈసారి ప్రభుత్వమే గెలిచింది. చూడండి, స్కీము అదే, బస్సులు అవే. విచారణ ఎవరు జరపాలన్న ఒక్క విషయంలో ముందే జాగ్రత్త పడి ఉంటే ఆ మొదటి యాత్ర ఢిల్లీ దాకా అక్కర్లేకపోయేది. ఎర్రబస్సు ఎక్కిన మనందరం ఆ ఖర్చులో భాగస్వాములమే.

మళ్ళీ అల్లాడివారి దగ్గరకి వద్దాం, ఎందుకంటే ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే విచిత్రంగా తోచిన ఘట్టం పదవి దిగిన తర్వాతిది. 1944లో ఆయన దిగాక ఆ కుర్చీలోకి వచ్చినది పి.వి. రాజమన్నారు, ఆయనా తెలుగువారే. ‘తప్పెవరిది’ నాటకం రాసిన రాజమన్నారే. కోకా సుబ్బారావుగారికి బావమరిది, ఒకప్పుడు ఇద్దరూ కలిసి ప్రాక్టీసు చేశారు. ఏడాదికే జడ్జి అయ్యారు, 1948లో మద్రాసు హైకోర్టుకి మొదటి భారతీయ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొద్ది నెలలకే చంపకం దొరైరాజన్ కేసు వచ్చింది. మన సంఘంలో డాక్టర్లకి దీని పేరు తెలిసే ఉంటుంది. మద్రాసు రాష్ట్రంలో మెడికల్, ఇంజనీరింగ్ సీట్లు ‘కమ్యూనల్ జీవో’ ప్రకారం పంచేవారు. ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి ఆరు, వెనుకబడిన హిందువులకి రెండు, బ్రాహ్మణులకి రెండు, హరిజనులకి రెండు, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి ఒకటి, ముస్లింలకి ఒకటి. అంతకు ముందు కాలేజీ గడప తొక్కని ఎన్నో ఇళ్ళకి ఆ జీవో మొదటిసారి తలుపు తీసిందన్నది కాదనలేని సంగతి. అయితే కొత్త రాజ్యాంగంలో 29వ అధికరణం, కులం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదంది. ఆ వాదన వినిపించడానికి పిటిషనర్ల తరఫున హైకోర్టులో లేచి నిలబడ్డది ఎవరనుకున్నారు? అల్లాడి కృష్ణస్వామి అయ్యరు! ఎదుట పీఠం మీద ప్రధాన న్యాయమూర్తి రాజమన్నారు. ప్రభుత్వానికి పదిహేనేళ్ళు వకీలుగా ఉన్నవాడు ప్రభుత్వానికి వ్యతిరేకంగా, తన తర్వాత అదే కుర్చీలో కూర్చున్నవాడి ముందు. జులైలో హైకోర్టు జీవోని కొట్టేసింది. 1951 ఏప్రిల్లో సుప్రీంకోర్టూ అదే అంది. మూడు నెలలు తిరగకుండా రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి, 15వ అధికరణంలో నాలుగో క్లాజు చేరింది. వెనుకబడిన వర్గాలకి విద్యలో ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చునని రాజ్యాంగంలోనే రాశారు. జీవో చేయవలసిన పని కంటే అది గట్టి పని. నా మటుకు నాకు చివరికి జరిగింది న్యాయమేననిపిస్తుంది.

అందులో ఒక చిన్న ముక్క ఉంది. ఆ చంపకంగారు అసలు మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టుకోలేదు. సుప్రీంకోర్టు తీర్పులోనే ఆ మాట ఉంది. ప్రభుత్వం ఆ అభ్యంతరం హైకోర్టులో లేవదీయలేదు కాబట్టి ఇప్పుడు దాని జోలికి పోవడం లేదనీ, అలాగని ఇలాంటి పిటిషన్లను తాము మెచ్చుకుంటున్నామని అనుకోవద్దనీ న్యాయమూర్తులు రాశారు. చిన్న సాంకేతిక లోపం పట్టుకుని ఆమె కేసుని గుమ్మంలోనే ఆపేయాలని సర్కారు పక్షం చూడలేదు. అసలు ప్రశ్న తేలనిచ్చారు. అడ్వొకేట్ జనరల్ ఆఫీసు గొప్పదనం కొన్నిసార్లు ఏ వాదన చేశారన్న దానికంటే ఏ వాదన చేయలేదన్న దాంట్లో ఉంటుందని ఒక లాయరు మిత్రుడు నాతో అన్నాడు. మా యార్డులో ఇలాంటి సూక్ష్మాలు కుదరవు గానీ, ఆలోచించవలసిన మాటే.

ఈ పదవికి ప్రభుత్వంతో సంబంధం లేని ముఖం ఇంకొకటి ఉండేది, అదే నాకు చిన్నప్పటి నుంచి తెలిసినది. సత్రాలు, ధర్మాదాయాలు, గుడి మాన్యాలు. సివిల్ ప్రొసీజరు కోడ్ 92వ సెక్షను ప్రకారం, ధర్మసంస్థ ఆస్తి ధర్మకర్త తినేస్తుంటే అడ్వొకేట్ జనరల్ తానే దావా వేయవచ్చు. లేదా ఆ సంస్థలో సంబంధం ఉన్న ఇద్దరు ఆయన లిఖితపూర్వక అనుమతితో వేయవచ్చు. జిల్లాల్లో ప్రభుత్వ మంజూరుతో కలెక్టరు ఆ అనుమతి ఇచ్చేవారు. మా ఊళ్ళో బాటసారుల సత్రం ఒకటి ఉండేది. దాని పొలం కౌలు డబ్బు ఎటు పోతోందో తెలియక మా తాతగారూ, ఇంకొకాయనా ఆ అనుమతి కోసం నెల్లూరు కలెక్టరు కచేరీ చుట్టూ రెండేళ్ళు తిరిగారు. ఊరి పేరు, ఆ ధర్మకర్త పేరు చెప్పను. వారి మనవలు ఈ పత్రిక చదువుతారు. తాతగారికి కోపం ధర్మకర్త మీద కంటే అనుమతి కాగితం మీద ఎక్కువ. దొంగని పట్టుకోవడానికి కూడా సర్కారు సంతకం కావాలా అనేవారు. ఆ ఏర్పాటు వెనుక ఉద్దేశం మాత్రం వేరు. నోరులేని ధర్మానికి, ఎవరిదీ కాని ఆస్తికి రాష్ట్రంలో పెద్ద వకీలే రక్షకుడని. ఊళ్ళో పగలతో అక్కర్లేని దావాలు పడకుండా ఒక జల్లెడ అని. 1976 సవరణ తర్వాత ఆ అనుమతి పోయి, కోర్టే అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది. తాతగారు అప్పటికి లేరు.

జల్లెడ పని ఒకటి మాత్రం మిగిలింది. 1971 కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం, మామూలు పౌరుడు ఎవరిమీదనైనా క్రిమినల్ ధిక్కరణ పిటిషను హైకోర్టులో వేయాలంటే అడ్వొకేట్ జనరల్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇక్కడ ఆయన ప్రభుత్వ వకీలు కాదు. ప్రభుత్వాన్ని అడిగి ఇవ్వవలసిన సంతకం కాదది.

కింది స్థాయి సర్కారు వకీళ్ళ విషయంలో కోర్టులు కొంత అడ్డుపడ్డాయి. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఒక్క సర్క్యులరుతో జిల్లాల్లోని ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒకేసారి తీసేస్తే, శ్రీలేఖా విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ప్రజల సొమ్ముతో నడిచే పదవుల్లో ఇష్టారాజ్యం కుదరదని తేల్చింది. అడ్వొకేట్ జనరల్‌కి ఆ గొడుగు లేదు, ఆయనది ‘ఇష్టం ఉన్నంతకాలం’ పదవి అని రాజ్యాంగమే చెప్పింది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అల్లాడివారు మూడో తారీకున కన్నుమూశారు. తన జిల్లా చేరిన కొత్త రాష్ట్రాన్ని ఆయన చూసింది రెండు రోజులు. కుమారుల్లో ఒకరు అల్లాడి కుప్పుస్వామి తర్వాత హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఇంకొకరు రామకృష్ణన్ భౌతిక శాస్త్రవేత్తగా మద్రాసులో 1962లో గణితశాస్త్ర సంస్థని స్థాపించారు. ఆ హైకోర్టే 2019 జనవరి 1న రెండుగా విడిపోయింది, ఒకటి హైదరాబాదులో, ఒకటి అమరావతిలో. అడ్వొకేట్ జనరళ్ళు అంతకు ముందే, 2014 నుంచే ఇద్దరు. కృష్ణా నీళ్ళ కోసం, ఉమ్మడి సంస్థల ఆస్తుల కోసం రెండు తెలుగు రాష్ట్రాలూ కోర్టుల్లోనూ ట్రిబ్యునల్లోనూ ఎదురెదురుగా నిలబడుతున్నాయి. మన సంఘంలో మాత్రం రెండు రాష్ట్రాల వాళ్ళమూ ఒకే పందిట్లో ఉగాది పచ్చడి తింటున్నాం, బిల్లు కూడా సగం సగం వేసుకుంటున్నాం.